సూదితోనా, దానంతట అదేనా?

హైదరాబాదు కొత్తపేటలో జరిగిన స్మారక సభలో చేసిన ఉపన్యాసానికి అచ్చు ప్రతి



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుపుకుంటున్నామో ఆయన పేరు అచ్చులో వేయవద్దని ఆయన భార్య, మన వదినగారి కోరిక. ఇక్కడికి వచ్చిన అందరికీ ఆయన ‘అన్న’ కాబట్టి నేనూ అన్న అనే అంటాను. విజయవాడ రోడ్డుకు లోపలున్న ఊళ్లో కల్లు గీసేవాడు. మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. చికిత్స కోసం పట్నం వచ్చి, కొత్తపేటలో పండ్ల మార్కెట్ వెనక గది అద్దెకు తీసుకున్నాడు. ఇక ఊరికి పోలేదు. కొత్తగా వెన్ను విరిగిన వాళ్ల ఇళ్లకు మూడు చక్రాల బండి మీద వెళ్లి, నాలాంటి పునరావాస వైద్యులు ఇంగ్లీషులో గిలికి ఇచ్చే సంగతులన్నీ వాళ్లకు వంటబట్టేలా చెప్పేవాడు.

ఆయన చెప్పినవి పెద్ద విషయాలేమీ కావు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో రెండు చేతులూ కుర్చీ పట్టెల మీద ఆనించి పిరుదులు పైకి లేపేవాడు. కాసేపు అలాగే ఉండి మళ్లీ కూర్చునేవాడు. మాట మాత్రం ఆగేది కాదు. కొత్తవాళ్లు ఈయనకేదో ఇబ్బందిగా ఉందనుకునేవారు. కూర్చున్న చోట రక్తం ఆడకపోతే చర్మం చచ్చిపోతుంది, ఆ సంగతి మనకు నొప్పిగా తెలియదు, అందుకని పావుగంటకోసారి లేవాల్సిందేనని అప్పుడు చెప్పేవాడు. రాత్రి పడుకునే ముందు చేతి అద్దంతో వెనక భాగమంతా చూసుకునేవాడు. ఎక్కడైనా ఎర్రగా కమిలి కనిపిస్తే మర్నాడు కుర్చీ ఎక్కేవాడు కాదు, ఎంత పని ఉన్నా బోర్లా పడుకునే ఉండేవాడు.

ఈ రోజు ఏం మాట్లాడమంటారని వదినగారిని అడిగాను. ‘ఆ సూదుల సంగతి చెప్పండి, ఇప్పటికీ మనోళ్లు పోతూనే ఉన్నరు’ అన్నారు.

సూదులంటే స్టెమ్ సెల్, అంటే మూలకణాల, సూదులు. దెబ్బ తగిలిన రెండు నెలలకు అన్నను వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. దాని పేరు అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. హయత్‌నగర్ అవతల కొనుక్కున్న ప్లాటును బామ్మర్ది అమ్మేశాడు. అక్కడ తుంటి ఎముకలోంచి మజ్జ తీశారు, యంత్రంలో గిరగిరా తిప్పారు, పైకి తేలినదాన్ని నడుములోంచి వెన్ను చుట్టూ ఉండే నీటిలోకి ఎక్కించారు. అలా విడతలు విడతలుగా చేసి, ప్రతి విడతకూ డబ్బు కట్టించుకున్నారు. తర్వాత చాలాకాలానికి అన్న నన్ను అడిగాడు: ‘సార్, ఆర్నెల్లకు తొడ మీద చీమలు పారినట్టయింది. గది సూదితోని అయిందా, దానంతట అదే అయిందా, ఎట్ల ఎరుక?’

ఈ చికిత్స గురించి ఇంత సూటిగా అడిగినవాళ్లను నేను వైద్య సదస్సుల్లో కూడా ఎక్కువమందిని చూడలేదు. నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టే తిరుగుతుంది.

వెన్నుపాము లావు దాదాపు చిటికెన వేలంత, పొడవు మగవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్లు. నడుం పూసల్లో మొదటిదో రెండోదో వచ్చేసరికే అది ఆగిపోతుంది. సూదులు అమ్మేవాళ్లు దీన్ని కరెంటు వైరుతో పోలుస్తారు. వైరు తెగింది, కొత్త కణాలతో అతుకేస్తాం అంటారు. వినడానికి ఎంత బాగున్నా గాయం మాత్రం అలా ఉండదు. చాలామందిలో వెన్నుపాము తెగదు, నలుగుతుంది. విరిగిన పూస నొక్కిన క్షణంలో కొంత నష్టం జరుగుతుంది. ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో వాపు, రక్తస్రావం, రక్తం అందకపోవడం, ఒంట్లోని రక్షణ కణాలే మీదపడటం, వీటన్నిటితో చుట్టుపక్కల బాగున్న భాగం కూడా చచ్చిపోతూ వస్తుంది. నాడీ తంతువులకు తొడుగు వేసే కణాలు పోతాయి. తంతువు మిగిలి ఉన్నా తొడుగు లేక సంకేతం సరిగా పోదు. కొన్ని వారాలకు మధ్యలో నీటి బుడగ, చుట్టూ గట్టి మచ్చ మిగులుతాయి.

పెద్దవాళ్ల మెదడులో, వెన్నుపాములో తంతువులు ఒకసారి పోతే మళ్లీ పెరగవని స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కహాల్ 1928లో తేల్చేశాడు. 1981లో కెనడాలో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగుయో ఎలుకల మీద చేసిన ప్రయోగం దాన్ని కొంత మార్చింది. కాలి నరం ముక్కను వంతెనలా వేస్తే వెన్నుపాము తంతువులు అందులోకి పాకాయి. తంతువుకు పెరిగే శక్తి ఉంది, దాని చుట్టూ ఉన్నదే పెరగనివ్వడం లేదు. అక్కడి నుంచే ఈ ఆశలన్నీ మొదలయ్యాయి. పోయిన కణాల చోట కొత్తవి పెట్టడం, తొడుగులు మళ్లీ వేయించడం, లేదంటే మిగిలినవి చావకుండా మందులాంటి పదార్థాలు స్రవింపజేయడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి స్టెమ్ సెల్ చేస్తుందని ఆశ. ఆశలో తప్పేమీ లేదు. అయితే అన్నకు ఎక్కించిన మజ్జలో ఈ మూడు పనుల్లో దేనికైనా కావాల్సిన కణాలు ఎన్ని? మజ్జలోంచి వేరు చేసిన కణాలు పదివేలు లెక్కపెడితే అందులో ఒకటి ఆ జాతిదైతే గొప్ప. ప్రయోగశాలలో వారాల తరబడి పెంచకుండా, తీసిన రోజే ఎక్కిస్తే ఎక్కించింది చాలావరకు మామూలు రక్తకణాలే.

మరి తొడ మీద చీమలెక్కడివి?

వెన్నుపాముకు దెబ్బ తగిలిన కొత్తలో కింది భాగమంతా మొద్దుబారిపోతుంది. దాన్ని స్పైనల్ షాక్ అంటాం. అది వారాల మీద విడిపోతుంది. వాపు తగ్గుతుంది. నలిగినా చావని తంతువులు మెల్లగా పనిలోకి వస్తాయి. గాయం ఎంతుందో ఎ నుంచి ఇ దాకా అక్షరాలతో కొలుస్తాం. ఎ అంటే ఆఖరికి మలద్వారం దగ్గర కూడా స్పర్శ గానీ కదలిక గానీ లేవని. ఆ ఎ గుంపులో కూడా కొందరు ఏ సూదీ లేకుండానే ఏడాదిలోపు బి లోకో సి లోకో వస్తారు. ఇలా తిరిగొచ్చేది ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో వస్తుంది. సూదులు వేసేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. వచ్చిన మార్పంతా బిల్లు కట్టినవాళ్లకు సూదిమహిమగానే కనిపిస్తుంది. ప్లాటు అమ్మిన బామ్మర్దికి అలా కనిపించక తప్పదు కూడా. సూది వేయించుకోని వాళ్లను, అదే గాయం, అదే వయసు, అదే ఫిజియోథెరపీ ఉన్నవాళ్లను పక్కన పెట్టి చూస్తే తప్ప అన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

అలా చూసినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. ఢిల్లీ వసంత్‌కుంజ్‌లో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ ఉంది. దాన్ని స్థాపించింది మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లూవాలియా. 1965లో ఎవరెస్ట్ ఎక్కాడు, అదే ఏడాది యుద్ధంలో తూటా తగిలి కుర్చీకి పరిమితమయ్యాడు. అక్కడ డాక్టర్ హర్విందర్ సింగ్ ఛాబ్రా బృందం ముందు ముక్కులోపలి పొరను తీసి పాత గాయాల్లో అమర్చి చూసింది. ఐదుగురికి చేశారు. మెరుగు కనిపించలేదని 2009లో అచ్చు వేశారు. తర్వాత మజ్జ కణాలు. కొత్తగా దెబ్బ తగిలిన 21 మంది, అందరూ ఎ గుంపే. ఏడుగురికి ఒక దారిలో, ఏడుగురికి ఇంకో దారిలో కణాలు ఎక్కించారు, మిగతా ఏడుగురికి ఎక్కించలేదు. ఫలితం 2016లో వచ్చింది. ప్రమాదం జరగలేదు, చెప్పుకోదగ్గ లాభమూ లేదు.

ఈ కబురు ఏ పేపర్లోనూ మొదటి పేజీకి ఎక్కలేదు. ఓ డాక్టరు తాను చేసింది పని చేయలేదని తన పేరుతో అచ్చు వేసుకోవడం మన దగ్గర ఎంత అరుదో మీకు తెలుసు. నా దృష్టిలో వాళ్లు చేసిన ఆపరేషన్లన్నీ ఒక ఎత్తు, ఆ రెండు వ్యాసాలు ఒక ఎత్తు. వాటిని చదివి ఉంటే హయత్‌నగర్ ప్లాటు ఎవరూ అమ్మనక్కర్లేదు. అన్నకు దెబ్బ తగిలే నాటికి మొదటిది ఎప్పుడో వచ్చేసింది. చదివి చెప్పాల్సిన మేము చెప్పలేదు, అది వేరే కథ.

బయటి దేశాల సంగతి. అమెరికాలో జెరాన్ కంపెనీ పిండం మూలకణాల నుంచి తొడుగు వేసే కణాలను తయారుచేసి 2010 అక్టోబరులో మొదటి రోగికి ఎక్కించింది. ఐదుగురు పూర్తయ్యాక, 2011 నవంబరులో, డబ్బు సరిపోదని ఆపేసింది. తర్వాత వేరే కంపెనీ అందుకుని మెడ గాయాలున్న 25 మందికి ఇచ్చింది. స్టెమ్‌సెల్స్ అనే పేరున్న ఇంకో కంపెనీ 2016లో చేతులెత్తేసింది. జపాన్ తొందరపడింది. సప్పొరో వైద్య విశ్వవిద్యాలయంలో రోగి మజ్జ కణాలనే పెంచి రక్తనాళంలోకి ఎక్కించే స్టెమిరాక్‌కు 2018 డిసెంబరులో ఏడేళ్ల గడువుతో షరతుల అనుమతి వచ్చింది. ఆధారం 13 మంది రోగులు. పోల్చడానికి రెండో గుంపు లేదు. అప్పటి ధర సుమారు కోటిన్నర యెన్‌లు. ఇది తొందరపాటని బయటి శాస్త్రజ్ఞులు గట్టిగానే అన్నారు. అంటే అన్న అడిగిందే వాళ్లూ అడిగారు.

అదే జపాన్‌లో కియో విశ్వవిద్యాలయం మరో రకంగా నడిచింది. శాస్త్రజ్ఞుడు యమనక 2006లో కనిపెట్టిన పద్ధతి ఉంది కదా, పెరిగిపోయిన మామూలు కణాన్ని వెనక్కి తిప్పి మూలకణంగా మార్చడం, దానికి 2012లో నోబెల్ కూడా వచ్చింది. ఆ కణాల నుంచి నాడీకణాలకు ముందరి రూపాన్ని తయారుచేసి, 2021 డిసెంబరులో హిదెయుకి ఒకానో, మసాయ నకమురా బృందం మొదటి మనిషి వెన్నుపాములో పెట్టింది. ఒక్కొక్కరికి 20 లక్షల కణాలు. మొత్తం నలుగురు. 2025 మార్చిలో ఫలితం చెప్పారు. ఒకరు లేచి నిలబడి నడక నేర్చుకుంటున్నారు. ఇంకొకరికి కాళ్లలో, చేతుల్లో కొంత కదలిక వచ్చింది. మిగతా ఇద్దరికీ పెద్ద మార్పు లేదు. మన టీవీలు ఆ మొదటి మనిషిని చూపించాయి. నలుగురిలో ఒకరు ఊరికేనే లేచి ఉండొచ్చా అంటే ఉండొచ్చు, లేకపోవచ్చు. నలుగురితో అది తేలదని ఆ బృందమే ఇంకా పెద్ద ప్రయోగం కావాలంటోంది. నాకు వాళ్ల మీద నమ్మకం కలిగింది అందుకే.

సూది వల్ల పోయేదేముంది, డబ్బే కదా అనేవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. పక్షవాతం వచ్చిన ఒక అమెరికన్ చైనా, అర్జెంటీనా, మెక్సికో తిరిగి వెన్నులోకి ఇలాంటి కణాలు ఎక్కించుకున్నాడు. అతని వెన్నులో గడ్డ పెరిగింది. పరీక్షిస్తే అది అతని కణాలతో పుట్టింది కాదు, వేరేవాళ్లవి. 2016లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దాన్ని ప్రచురించింది.

స్టెమ్ సెల్ అంటేనే మోసమని నేను అంటున్నానని అనుకోకండి. ఇదే హైదరాబాదులో, ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో, డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి 2001 నుంచి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను ఉమ్మనీటి పొర మీద పెంచి, సున్నం పడో యాసిడ్ పడో కాలిన కళ్లకు అమర్చారు. మంచి కంటి నుంచి చిన్న ముక్క తీసుకుంటే చాలు. 2012లో సంగ్వాన్ దాన్ని ల్యాబు అవసరం లేకుండా ఆపరేషన్ బల్ల మీదే అయిపోయేలా తేలిక చేశాడు. ఆ పద్ధతి ఇప్పుడు వేరే దేశాలూ నేర్చుకుంటున్నాయి. కంటి పైపొరకు కావాల్సింది ఒకే రకం కణం, పరవాల్సింది పలచటి పొర, అతుక్కుందో లేదో దీపం వేసి చూడొచ్చు. వెన్నుపాములో కొత్త కణం బతకాలి, సరైన రకంగా మారాలి, జానెడు దూరం పాకాలి, లక్షల్లో తనకు సరిపోయే జోడీని పట్టుకోవాలి. కంటికి కుదిరింది కాబట్టి వెన్నుకూ కుదురుతుందని చెప్పే బ్రోషర్లు నా దగ్గర కట్ట ఉన్నాయి.

చట్టం ఏమంటుంది? భారత వైద్య పరిశోధన మండలి 2007లో, 2013లో, 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి ఆమోదం ఉన్న చికిత్స. వెన్నుపాము గాయం వంటివాటికి అనుమతి పొందిన ప్రయోగంలో తప్ప వాడకూడదు. ప్రయోగంలో చేరిన రోగి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు. ఇంకో చిక్కుంది. ప్రయోగాలను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ ఉంది, అందులో నంబరు చూపించి ప్రభుత్వ అనుమతి ఉందని నమ్మిస్తారు. నమోదు వేరు, అనుమతి వేరు. మీ దగ్గర ఫీజు అడిగారా, అది ప్రయోగం కాదు. అంతకంటే సులువైన పరీక్ష నాకు తెలియదు.

ఇక తెలిసి ఉన్న వైద్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్ను విరిగిన సైనికులు చాలామంది పుండ్లతో, మూత్రం చీముపట్టి నెలల్లోనే చనిపోయేవారు. 1944లో ఇంగ్లండ్ స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ వార్డు తెరిచాడు. రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పించాడు, మూత్రాశయాన్ని శుభ్రంగా ఉంచాడు, పని నేర్పాడు, 1948 జులైలో బాణాలు వేయించి పోటీలు పెట్టాడు. నేటి పారాలింపిక్స్ అక్కడ పుట్టినవే. 1970ల మొదట్లో అమెరికాలో జాక్ లాపిడిస్ ఇంకో మాట చెప్పాడు. రోగి తానే కొన్ని గంటలకోసారి సన్న గొట్టంతో మూత్రం తీసుకోవచ్చు, గొట్టం శుభ్రంగా ఉంటే చాలు, ఆసుపత్రిలోలా క్రిములు పూర్తిగా చంపాల్సిన పనిలేదు అని. ఎన్ని మూత్రపిండాలు దీనివల్ల నిలిచాయో లెక్కలేదు. అన్న తన గొట్టాన్ని సబ్బుతో కడిగి కిటికీ దగ్గర శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టేవాడు. ఇక మనకు దగ్గర్లోనే రాయవేలూరు ఆసుపత్రి ఉంది. అక్కడ డాక్టర్ మేరీ వర్గీస్ 1954 కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయినా కుర్చీలో కూర్చుని శస్త్రచికిత్సలు చేసింది, 1966లో పునరావాస కేంద్రం నిలబెట్టింది. అరవై ఏళ్లయినా అలాంటిది మన రెండు రాష్ట్రాల్లో ప్రతి పెద్దాసుపత్రికీ ఒకటి లేదు.

కాబట్టి ఈ వేదిక మీంచి ప్రభుత్వాన్ని ఒకటి అడుగుతాను. పండ్ల మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయింది. ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు, వెయ్యి పడకలన్నారు. విజయవాడ రోడ్డు మీద బండి బోల్తా పడ్డా, నల్గొండ వైపు చెట్టు మీంచి మనిషి పడ్డా పట్నంలో మొదట తగిలే పెద్ద ప్రభుత్వాసుపత్రి అదే అవుతుంది. వెయ్యిలో ముప్పై పడకలు వెన్నుపాము గాయాలకు కేటాయించండి. ఆపరేషనయ్యాక పదో రోజున ఇంటికి పంపేయకుండా మూడు నెలలు ఉంచుకుని, గొట్టం వేసుకోవడం, మంచం నుంచి కుర్చీకి మారడం, పుండు పడకుండా చూసుకోవడం నేర్పి పంపండి. భవిష్యత్తులో ఏ కణం పనికొచ్చినా దాన్ని పరీక్షించడానికి కూడా ఇలాంటి వార్డే కావాలి. పుండ్లతో, చీముతో ఉన్న ఒంట్లో ఏ ప్రయోగమూ చేయలేరు.

పింఛను సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో కుర్చీకో పరిమితమైన వాళ్లకు 2024లో నెలకు 15,000 చేశారు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 చేశారు. గొట్టాలు, డైపర్లు, మందులు కొన్నాక 4,016లో ఏం మిగులుతుందో ముందు వరసలో వీల్‌చెయిర్లలో ఉన్నవాళ్లను అడగండి.

అన్నిటికంటే ముందు పడకుండా చూడటం. 2024 జులై 14న ఇక్కడికి దగ్గర్లోనే, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షక కవచం కిట్ల పంపిణీ మొదలుపెట్టారు. మోకు జారినా మనిషిని చెట్టుకు పట్టి ఉంచే తాళ్లు, పట్టీలు అవి. కొందరు గీత కార్మికులు ఎక్కడం ఆలస్యమవుతుందని ఇంట్లో పెట్టేస్తున్నారు. పెట్టేయకండి. ఒకవేళ పడితే, నలుగురు కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టకండి. 108కి చేయండి. 2005 నుంచి ఉంది ఆ బండి. వచ్చేదాకా మనిషిని కదపకండి, మెడ తిప్పకండి. పడ్డాక కాలి వేళ్లు కదిలాయని, ఆటో దిగేసరికి కదల్లేదని అన్న చెప్పేవాడు. ఎత్తినవాళ్లందరూ ఆయన మీద ప్రేమ ఉన్నవాళ్లే.

సభ మొదలయ్యే ముందు ఎవరో చీటీ ఇచ్చారు. ‘మా తమ్ముడు పడి ఎనిమిదేండ్లయింది, జపాన్ల నడిపిస్తున్నరంట గద, పంపమంటరా?’ అని ఉంది. వద్దమ్మా. కియోలో ఆ నలుగురికీ కణాలు పెట్టింది దెబ్బ తగిలిన రెండు వారాల నుంచి నాలుగు వారాల లోపు. ఎనిమిదేళ్ల గాయానికి ఆ ఫలితం వర్తించదు. పాత గాయాల్లో చేతులు మెరుగుపడేందుకు మెడ మీది చర్మం గుండా కరెంటు ఇచ్చే పరికరం ఒకదానికి 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. అది మెడ గాయాలకు మాత్రమే, మీవాడిది నడుమని రాశారు. అతనికి మూత్రపిండాల స్కానింగ్ చివరిసారి ఎప్పుడు తీయించారో చీటీలో లేదు. ఏడాది దాటి ఉంటే ఈ వారంలోనే తీయించండి. రిపోర్టు, ఇప్పటిదాకా ఉన్న కాగితాలు అన్నీ పట్టుకుని నా దగ్గరికి రండి.